దగ్గుకు మెదడులో వేరే కేంద్రం ఉంటుందా?

ప్రశ్న (నర్సింగ్ విద్యార్థిని):
మజ్జాముఖంలో (మెదడు అడుగున వెన్నుపాముతో కలిసే భాగం) శ్వాసకేంద్రం, దాని పక్కనే దగ్గుకేంద్రం ఉంటాయని మా పాఠ్యపుస్తకం రెండు వాక్యాల్లో తేల్చేసింది. మా వార్డులో మజ్జాముఖం పక్కభాగంలో పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన ఉన్నారు. ఊపిరి చక్కగానే ఆడుతోంది గానీ, మంచినీళ్లు తాగాక గొంతు గురగురలాడుతున్నా దగ్గు మాత్రం రావడం లేదు. రెండు కేంద్రాలూ పక్కపక్కనే ఉంటే ఒకటి చెడి మరొకటి ఎలా మిగిలింది? అసలు దగ్గుకేంద్రం అనేది విడిగా ఉందా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (శరీరధర్మశాస్త్ర అధ్యాపకుడు):
విడిగా లేదనే చెప్పాలి. దగ్గు కోసమే కేటాయించిన కణాల ముద్ద ఒకటి ఉందన్న పాతమాటను పాఠ్యపుస్తకాలు ఇంకా మోస్తున్నాయి గానీ, పిల్లుల మీద దశాబ్దాలుగా జరిగిన ప్రయోగాలు చూపించింది వేరు. మామూలు శ్వాసను నడిపే నాడీజాలమే, వాగస్ నాడి (గొంతు, ఊపిరితిత్తుల నుంచి మెదడుకు కబురు మోసే నాడి) ద్వారా గట్టి కబురు అందగానే, అదే మేళం తాళం మార్చినట్టు, తన కణాల పనివరసను మార్చుకొని దగ్గును పుట్టిస్తుంది.

స్వరపేటికలోనూ, వాయునాళం రెండుగా చీలే చోటా ఉండే స్పర్శగ్రాహకాల నుంచి సంకేతం బయలుదేరి మజ్జాముఖం వెనుక భాగంలోని సోలిటరీ కేంద్రకానికి (ఇలాంటి కబుర్లు అందుకునే కణాల గుంపు) చేరుతుంది. అక్కడ గ్లుటమేట్ అనే నాడీరసాయనం విడుదలై, తర్వాతి కణాల ద్వారా ముందు వైపున నిలువుగా పరచుకున్న శ్వాసకణాల వరుస కదులుతుంది. బొట్జింగర్, ప్రీబొట్జింగర్ సముదాయాలు ఈ వరుసలోనివే. ఆ పేరు ఒక జర్మన్ వైన్ సీసా నుంచి తీసుకున్నారంటే నా విద్యార్థులు నమ్మరు. ఆపైన ఫ్రెనిక్ నాడి ఆజ్ఞతో ఉదరవితానం (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరం) బలంగా ముడుచుకొని గాలిని లోపలికి లాగుతుంది. వెంటనే సుమారు 0.2 సెకన్ల పాటు స్వరతంత్రులు మూసుకుపోగా, పొట్ట కండరాలు బిగిసి ఛాతీలోని పీడనం 300 మి.మీ. పాదరసం దాకా పెరగవచ్చు. తర్వాత అవి ఒక్కసారిగా తెరుచుకుని గాలి విసురుగా బయటపడుతుంది. స్వరతంత్రులను మూసి తెరిచే కండరాలకు ఆజ్ఞలిచ్చేది మజ్జాముఖంలోనే ఉండే న్యూక్లియస్ ఆంబిగువస్ అనే మరో కణాల గుంపు.

జవాబు 2 (స్పీచ్ థెరపిస్టు):
మీ రోగి విషయంలో జరిగింది బహుశా ఇది. ఆ పక్కభాగానికి రక్తం అందించే ధమని మూసుకుపోతే సోలిటరీ కేంద్రకం, ఆంబిగువస్ రెండూ ఒకే వైపున దెబ్బతినవచ్చు. అంటే కబురు చేరే దారీ, స్వరతంత్రిని మూసే దారీ ఆ వైపున రెండూ చెడినట్టే. శ్వాసలయను పుట్టించే కణాలు మాత్రం రెండు వైపులా ఉంటాయి; గొంతు నుంచి కబురు రాకున్నా రక్తంలోని కార్బన్ డయాక్సైడ్‌ను బట్టి అవి పనిచేస్తూనే ఉంటాయి. బ్రెయిన్‌స్టెమ్ (మజ్జాముఖం కూడా భాగమైన మెదడు కాండం) మరణాన్ని నిర్ధారించేటప్పుడు కూడా సక్షన్ గొట్టం దించి దగ్గు వస్తుందో లేదో చూడడంతో సరిపెట్టరు. వెంటిలేటర్ తప్పించి ఊపిరికి ప్రయత్నిస్తున్నారా అన్నది విడిగా పరీక్షిస్తారు.

దగ్గమని చెప్పినప్పుడు ఆయన గట్టిగా దగ్గినా ధీమా పడకండి, ఎందుకంటే ఆ ఆజ్ఞ మెదడు పైపొర నుంచి వచ్చేది. పొలమారినా దగ్గు రాకపోతే నీళ్లు చడీచప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియాకు దారి తీస్తాయి. వెంటనే మీ డాక్టరుకు తెలియజేసి, మింగుడు పరీక్ష అయ్యేవరకు నోటి ద్వారా ఏమీ ఇవ్వకుండా చూడండి.

జవాబు 3 (ఊపిరితిత్తుల వైద్యురాలు):
నియంత్రణ గురించి ఒక మాట చేర్చాలి. గుంటూరు మిరపకాయల తాలింపు ఘాటుకు ముందు గొంతులో గరగర వస్తుంది, దగ్గు ఆ తర్వాతే వస్తుంది. పట్టుబడితే కాసేపు ఆపుకోనూ వచ్చు. ఆ ఘాటులోని క్యాప్సైసిన్ సి-తంతువులు అనే సన్నని నాడీతంతువులను రేపుతుంది. గినీపందులకు మత్తు ఇచ్చినప్పుడు వాయునాళాన్ని తాకితే దగ్గు వస్తుంది గానీ క్యాప్సైసిన్‌కు రాదు. అంటే స్పర్శతో వచ్చే దగ్గుకు బ్రెయిన్‌స్టెమ్ ఒక్కటే చాలునేమో గానీ, గరగరతో వచ్చే దగ్గుకు మెలకువగా ఉన్న మెదడు కూడా కావాలన్నమాట.

కోడీన్ విషయంలో దీన్ని మరచిపోతుంటాం. మత్తులో ఉన్న పిల్లులలో దగ్గును స్పష్టంగా అణచే ఈ మందు, జలుబుతో వచ్చే దగ్గు మీద నియంత్రిత పరీక్షలలో ఉత్తుత్తి మందు (ప్లాసిబో) కంటే మెరుగని తేలలేదు. ఉత్తుత్తి మందు వల్లనే దగ్గు గణనీయంగా తగ్గడం పైపొర పట్టు ఎంతటిదో చెబుతుంది. అందుకే ఇప్పుడు పరిశోధన నాడి కొసల వైపు మళ్లింది; 2022లో జపాన్ అనుమతించిన గెఫాపిక్సంట్ అనే మందు ఆ కొసల్లోని పీ2ఎక్స్3 గ్రాహకాలను అడ్డుకుంటుంది గానీ, చాలామందిలో నోటి రుచిని కూడా చెడగొడుతుంది.

మరో సభ్యుడు:
చెవిలో దూదిపుల్ల తిప్పితే నాకు దగ్గు వస్తుంది. ఇదీ ఆ కోవలోదేనా?

జవాబు 3 రాసినవారు:
అవును. వాగస్ నాడి శాఖ ఒకటి చెవి రంధ్రం చర్మానికి కూడా వెళ్తుంది. ఈ లక్షణం అందరిలో ఉండదు. దీర్ఘకాలిక దగ్గుతో బాధపడే స్త్రీలలో ఎక్కువగా కనిపిస్తుంది. పుల్ల తిప్పడం మానేయండి.