భోగి మంట గీస్తే మంటలా రావట్లేదు, ఎక్కడ తేడా కొడుతోంది?

తడికుంచె:
నీటిరంగులు నేర్చుకుంటున్నాను, క్లాసులేం లేవు, సొంతంగానే. చెట్లు, చెరువు గట్టు, పాత మిద్దెలు ఫర్వాలేదనిపిస్తున్నాయి. మొన్న సంక్రాంతికి ఊళ్లో వేసిన భోగి మంట గీసిపెట్టమని మా పిన్ని అడిగింది. చుట్టూ పిల్లలు, మెళ్లో పిడకల దండలు, వెనక పెంకుటిల్లు అన్నీ కుదిరాయి కానీ అసలు మంటే కుదరలేదు. ఎరుపుతో నాలుకలు గీసుకుని లోపల నారింజ, నడుమ పసుపు నింపాను. మా చెల్లి వచ్చి చూసి "అరటాకుల కట్టకి రంగేశావేంటి" అని పోయింది. ఫోటో చూసి గీద్దామంటే అందులో మంట తెల్లటి ముద్దలా పడింది, మనుషులేమో నల్లగా మాడిపోయారు. మంటకి ఏ రంగులు కొనాలి? లేక నీటిరంగులు వదిలేసి అక్రిలిక్‌కి పోవాలా?

సైన్‌బోర్డు బాబాయ్:
రంగులు కొనకు తల్లీ, ఉన్నవి చాలు. పాతికేళ్లు గోడల మీద, సినిమా బ్యానర్ల మీద బతికినవాణ్ణి, ఒక్క మాట చెప్తాను విను. మంటని నువ్వు ఒక వస్తువు అనుకుని గీస్తున్నావు, కుండో కుర్చీయో గీసినట్టు చుట్టూ గీత పెట్టి. అది వెలుతురు. వెలుతురుకి అంచు గీత ఉండదు, పైగా నువ్వు ఆ గీతని ఎరుపుతో పెట్టావు, అంటే బాగా వెలగాల్సిన చోటు పక్కనే బరువైన రంగు పెట్టి దాన్ని ఆర్పేశావు.

నీటిరంగుల్లో అన్నిటికన్నా వెలుతురున్నది నీ కాగితం తెలుపే. మంట నడిమి భాగాన్ని ఖాళీగా వదిలెయ్. కాగితం తడిగా ఉండగానే దాని చుట్టూ పలచటి పసుపు పోనివ్వు, అది పూర్తిగా ఆరకముందే నారింజ తగిలించు, దానంతటదే పాకుతుంది. ఎరుపు పై కొసల్లో, అదీ కొంచెమే. తర్వాత అసలు పని మంట బయట ఉంది. తెల్లవారుజామున నాలుగింటికో అయిదింటికో వేస్తారు కదా, అప్పటి ఆకాశం నల్లగా ఉండదు, ముదురు నీలం. అల్ట్రామెరైన్ అనే ముదురు నీలంలో కొంచెం బర్న్ట్ సియెన్నా, అంటే ఇటుక గోధుమ రంగు, కలిపి ఆ ముదురు దట్టంగా వెయ్యి, భయపడకు, నువ్వు అనుకున్నదానికన్నా రెండింతలు ముదురు వెయ్యి. పక్కన నీలం పడగానే నీ నారింజ దానంతటదే రాజుకుంటుంది.

మనుషుల మీద కూడా ఓ కన్నెయ్యి. మంట వైపున్న చెంప, ముక్కు కింద, చాచిన అరచేతులు వెలగాలి, వీపు చీకట్లో కలిసిపోవాలి. పిల్లల మొహాలు పగలు చూసినట్టు గీసి ఉంటావు, అందుకే మంట అతికించినట్టుంటుంది. కావాలంటే మంట మీద చెయ్యి అడ్డం పెట్టి చూడు. మంట కనబడకపోయినా అక్కడ మంట ఉందని తెలియాలి బొమ్మలో.

మైసూరు జగన్మోహన్ ప్యాలెస్‌లో దీపం పట్టుకున్న అమ్మాయి బొమ్మ ఉంటుంది, కేలండర్ల మీద చూసే ఉంటావు, చాలామంది రవివర్మదనుకుంటారు. అది ఎస్.ఎల్. హల్దంకర్ గారిది, 1940ల నాటిది, అదీ నీటిరంగుల్లోనే వేశారు! దీపానికి అడ్డం పెట్టిన చేతి వేళ్ల సందుల్లో ఎరుపు చూడు. కాబట్టి అక్రిలిక్ మాట మర్చిపో.

కోనసీమ కుర్రోడు:
బాబాయ్ చెప్పింది సూపర్. నేను బొమ్మలు గీయను కానీ మంటలు మాత్రం చిన్నప్పట్నుంచీ వేస్తున్నా, ఏడాదంతా చూసుకునే పండగ మాకది. అక్కా, మీ కుప్పలో ఏం వేశారో ముందు అడిగి కనుక్కోండి. అన్నీ ఒకేలా మండవు. ఎండు తాటాకులు వేశారంటే ఒక్కసారి భగ్గున మనిషెత్తు లేస్తుంది, చిటపటమని నిప్పురవ్వలు, అర నిమిషంలో ఖాళీ. కొబ్బరి మట్ట కాస్త నిలకడగా మండుతుంది. పాత తలుపు చెక్కలు, మొద్దులు ఉంటే నిదానంగా మండి అడుగున బొగ్గులు కట్టేస్తాయి. పిడకల దండలు వేస్తే వాటికి మంట పెద్దగా ఉండదు, ముందు పొగ, తర్వాత లోపల్లోపల ఎర్రగా రగులుతాయి. పచ్చి కర్ర ఒకటి పడిందంటే కొసన బుడబుడ నురగ వచ్చి తెల్ల పొగ. మీరు మొత్తానికి ఒకటే రకం నాలుకలు పెట్టేస్తే మా ఊరోళ్లు చూసి "ఇది గ్యాస్ పొయ్యి" అంటారు.

ల్యాబ్ మాస్టారు:
రసాయనశాస్త్రం చెప్పేవాణ్ణి, అందుకే చెయ్యి ఊరుకోలేదు. మంటలో పసుపుగా వెలిగేది గాలి కాదండీ, మసి. కట్టె వేడెక్కి వదిలే ఆవిర్లకి గాలి పూర్తిగా అందక సన్నటి కర్బన రేణువులు పుడతాయి, అవి వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో కాగి వెలుగుతాయి. ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి కాటుక పట్టేది ఆ రేణువుల్నే. గ్యాస్ పొయ్యిలో గాలి ముందే కలిసిపోతుంది, మసి పుట్టదు, అందుకే నీలం. బర్నర్ రంధ్రాలు మూసుకుపోతే అదే పొయ్యి పసుపుకి తిరిగి గిన్నె అడుగు నల్లబడుతుంది.

బొమ్మకి దీంతో పనేంటంటారా, ఉంది. మసి పైకి పోతూ చల్లారే కొద్దీ పసుపు నుంచి నారింజకి, నారింజ నుంచి మందమైన ఎరుపుకి దిగి చివరికి నల్ల పొగ అవుతుంది. అంటే మంట కొస ఎక్కడో తెగిపోదు, పొగలోకి మారుతుంది. కట్టెని ఆనుకుని ఉన్నచోట మంట దాదాపు పారదర్శకం, వెనకున్న కట్టె కనబడుతుంది, అక్కడ రంగు నింపకండి. ఎర్రటి ఎండలో కొవ్వొత్తి వెలిగించి తెల్ల కాగితం మీద దాని నీడ చూడండి. బాగా వెలిగే భాగానికే చిక్కటి నీడ పడుతుంది. ఫారడే 19వ శతాబ్దంలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లలకి కొవ్వొత్తి మీద చెప్పిన ఉపన్యాసాల్లో చూపించారు దీన్ని. నేను ఏటా పిల్లలకి చేయిస్తాను, ఒక్కడూ ముందు నమ్మడు.

ఇంకోటి, పెద్ద మంట చిన్న మంటలా రెపరెపలాడదు. వేడి గాలి పైకి లేస్తుంటే పక్కల నుంచి చల్లగాలి సుడి తిరుగుతూ లోపలికి దూసుకొస్తుంది, దాంతో మంట ఉబ్బి, నడుము దగ్గర సన్నబడి, పై ముద్ద తెగి ఎగిరిపోతుంది. మీటరు వెడల్పు మంటలో ఇది సెకనుకి సుమారు ఒకటిన్నర సార్లు, నాలుగు మీటర్లయితే దానికి సగం. కాబట్టి భోగి మంటకి బారెడు సన్న నాలుకలు వద్దు, కొన్ని పెద్ద ఉబ్బులు, పైన ఒకటో రెండో విడిపోయిన తునకలు చాలు.

మిర్చి_బజ్జీ:
మాస్టారూ, వంకాయ కాల్చేటప్పుడు నీలం మంటలో మధ్యమధ్య పసుపు మెరుస్తుంది, అది కూడా మసేనా?

ల్యాబ్ మాస్టారు:
కొంత మసి. నూనె రాసి పెడితే ఆ చుక్కలు మండి పసుపొస్తుంది. ఉప్పు నీళ్లు పొంగి పడినప్పుడు వచ్చేది మాత్రం సోడియం పసుపు, దానికి మసితో సంబంధం లేదు.

ఇత్తడి పళ్లెం:
బాబాయ్ గారితో ఒక్క చోట నాకు పేచీ ఉంది. మంటకి గీత ఉండకూడదనడం ఒక పద్ధతి మాత్రమే. చోళుల కాలపు నటరాజ విగ్రహాలు చూడండి, చుట్టూ ప్రభామండలం మీద జ్వాలలు వరసగా, ఒక్కోదానికి కోసుగా నాలుకలు, వెనక ఎడమ చేతిలో ఇంకో జ్వాల. కంచులో వెలుతురు ఎక్కణ్ణుంచి వస్తుంది? పూర్తిగా అంచు మీదే ఆధారపడ్డారు, అయినా అది నిప్పు కాదని ఎవరైనా అన్నారా? గీత పెట్టాలనుకుంటే పెట్టండి, కానీ అప్పుడు పిల్లలు, ఇల్లు, పిడకలు కూడా అదే గీత పద్ధతిలో ఉండాలి. సగం ఫోటోలా, సగం ముగ్గులా ఉంటేనే అరటాకుల కట్ట అవుతుంది.

సైన్‌బోర్డు బాబాయ్:
ఒప్పుకున్నాను సామీ. అమ్మాయి ఇల్లు, మనుషులు నీడలతో గీసిందన్నట్టుంది కాబట్టి అలా చెప్పాను.

అడవిదారి:
ఆదిలాబాద్ వైపు ఫిబ్రవరి చివర్న, మార్చిలో వస్తే మోదుగలు చూసుకోండి, మంట గీయడానికి ఇంతకన్నా పాఠం దొరకదు. అడవి అంటుకుందా అనిపిస్తుంది దూరం నుంచి. ఆకులన్నీ రాలిపోయి కొమ్మలు మోడుగా ఉంటాయి, పువ్వు మొదట్లో ఉండే గిన్నె నల్లగా, మఖమల్ గుడ్డ తగిలినట్టుంటుంది. ఆ నలుపులోంచి నారింజ రెక్క వంకీ తిరిగి బయటికొస్తుంది. ఒక్క పువ్వు కోసి తెల్ల కాగితం మీద పెట్టండి, మామూలు నారింజ పువ్వు, అంతే. మళ్లీ నల్ల కొమ్మ మీద పెట్టండి. బాబాయ్ చెప్పిన ముదురు రంగు సంగతి ఇక్కడ కళ్లారా చూడొచ్చు. రాలిన పూలు ఏరుకుని నానబెడితే హోలీకి రంగూ వస్తుంది, మా వైపు ఇప్పటికీ చేస్తారు.

తడికుంచె:
అందరికీ థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. పిన్నిని అడిగాను, ఎక్కువగా తాటాకులు, అడుగున పాత మంచం కోళ్లు అట. రెండు సందేహాలు. మళ్లీ మంట వేస్తే ఫోన్లో సరిగ్గా ఎలా తియ్యాలి? నిప్పురవ్వలకి తెల్ల కాగితం ఎలా వదలాలి, అంత చిన్న చుక్కలు?

సైన్‌బోర్డు బాబాయ్:
ఫోన్ తెర మీద మంట ఉన్న చోట వేలు పెట్టి నొక్కి, వెలుతురు గుర్తు కిందికి లాగు, మంటలో రంగులు కనపడేదాకా. మనుషులు నల్లగా పోతారు, పోనీ. వాళ్ల మొహాల మీద నొక్కి ఇంకోటి తియ్యి. రెండూ పక్కన పెట్టుకుని గీసుకో.

రవ్వలకి ముందే మాస్కింగ్ ఫ్లూయిడ్ (రంగు అంటకుండా కాగితాన్ని కప్పి, ఆరాక ఒలిచేసే జిగురు) చుక్కలు పెట్టొచ్చు, కానీ అన్నీ ఒకే సైజులో గుండ్రంగా వచ్చి బొట్టుబిళ్లల్లా ఉంటాయి. నేనైతే మొత్తం ఆరాక బ్లేడు మొనతో చిన్నగా గీకుతాను, కాగితం దళసరిది అయ్యుండాలి. గీకిన తెలుపు మీద పసుపు ఒక్క తడి. మంట దగ్గర ఒత్తుగా, పైకి పోయే కొద్దీ పలచగా, గాలి ఎటు ఉంటే అటు వాలుగా. పొగ ఎటు వంగిందో రవ్వలూ అటే పోవాలి, అది మాత్రం చూసుకో.