నాన్నగారి ఆదాయపు పన్ను రిటర్నుకి ఐటీఆర్-1 ఫారం సరిపోతుందా, ఐటీఆర్-2 వేయాలా?

అందరికీ నమస్కారం. మేము ఉప్పల్‌లో ఉంటాం. నాన్నగారు రిటైర్డ్ టీచర్, వయసు 67. పెన్షన్, ఎఫ్‌డీల మీద వడ్డీ, ఇవి కాక నల్గొండ దగ్గర రెండెకరాలు కౌలుకిచ్చాం, ఏడాదికి 30 వేలు వస్తాయి. మా వీధిలో రిటర్నులు వేసిపెట్టే ఆయన కౌలు డబ్బుకి ఎలాగూ పన్ను లేదు కదా, ఐటీఆర్-1 కొట్టేద్దాం అంటున్నారు. కానీ నేను చదివినదాని ప్రకారం వ్యవసాయ ఆదాయం 5 వేలు దాటితే ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. నాకైతే ఇదే సరైనదనిపిస్తోంది, మీరేమంటారు?

ఇంకోటి, ఏఐఎస్‌లో (పన్ను శాఖ పోర్టల్‌లో కనిపించే ఏడాది ఆదాయ వివరాల పట్టికలో) ఒక ఎఫ్‌డీ వడ్డీ రెండుసార్లు కనిపిస్తోంది, బ్యాంకు ఇచ్చిన సర్టిఫికెట్‌లో మాత్రం ఒక్కసారే ఉంది. ముందు ఏఐఎస్‌లోనే ఫీడ్‌బ్యాక్ పెట్టి ఆగాలా, లేక సర్టిఫికెట్ అంకె వేసి రిటర్ను దాఖలు చేసేయొచ్చా? పాత పన్ను పద్ధతిలో వెళ్తే సీనియర్ సిటిజన్లకి 80టీటీబీ సెక్షన్ కింద 50 వేల దాకా వడ్డీకి మినహాయింపు ఉంది కాబట్టి పాత, కొత్త రెండు పద్ధతుల్లోనూ లెక్క వేసి చూస్తున్నాను. ఫారం 16, 26ఏఎస్ (కోసిన పన్ను వివరాలుండే కాగితాలు) దగ్గరున్నాయి. కౌలు కాగితం, పాస్‌బుక్ కూడా తీసిపెట్టుకోవాలా? ఆయనకి ఈ వయసులో నోటీసు టెన్షన్ పెట్టడం నాకిష్టం లేదు, ఇలాంటి రిటర్ను వేసినవాళ్లుంటే కాస్త చెప్పండి.