కెనడాలో డబ్బు, తిరుపతిలో కాపురం: ఏ ఖాతాలోంచి ముందు తీయాలి?

బైరాగిపట్టెడ_52

అందరికీ నమస్కారం. నెల సెలవు మీద తిరుపతి వచ్చి ఉన్నాను. పొద్దున్నే యూనివర్సిటీ గ్రౌండ్‌లో నాలుగు రౌండ్లు నడిచి, ఇంటికొచ్చి మా యమ్మ ఇచ్చిన కాఫీ తాగుతా ఇది రాస్తున్నా.

2007 అక్టోబర్‌లో టొరంటోలో దిగాం. కార్ల సీట్లు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని. నా వయసు 52, మా ఆవిడకి 49, ఆమె డేకేర్‌లో చేస్తుంది. ఇల్లు నిరుడే అమ్మేశాం, ఇప్పుడు అద్దెకుంటున్నాం. కొడుకు యూనివర్సిటీలో మూడో ఏడు, మాతోనే ఉంటాడు. ఈ 2026 డిసెంబర్‌తో ఉద్యోగం మానేసి 2027 ఫిబ్రవరికల్లా తిరుపతికి వచ్చేద్దామని ప్లాన్. అమ్మకి 79. నాయన పోయినాక ఒక్కతే ఉంటోంది. రాత్రి బాత్‌రూమ్‌కి లేచినా గోడ పట్టుకుని నడుస్తోంది. ఈ సారి వచ్చినప్పుడు ఆ గోడ మీద చేతి మరక చూశాను. ఇంక అక్కడ కూర్చుని సీట్ల కుట్లు లెక్కపెట్టాలని లేదు.

డాలర్లలో చెప్తా. నా ఆర్‌ఆర్‌ఎస్‌పీ (రిటైర్మెంట్ కోసం దాచుకునే ఖాతా, తీసినప్పుడు పన్ను పడుతుంది) 4,10,000, ఆవిడది 90,000. టీఎఫ్‌ఎస్‌ఏ (అక్కడ పన్ను లేని పొదుపు ఖాతా) నాది 1,05,000, ఆవిడది 80,000. పాత కంపెనీ పెన్షన్ లైరాలో (ఇష్టమొచ్చినప్పుడు తీయలేని, తాళం వేసిన పెన్షన్ ఖాతా) 60,000. మొత్తం 7,45,000. డాలరు 60 రూపాయలని కట్టినా నాలుగున్నర కోట్లకి కొంచెం తక్కువ. ఇక్కడ సొంతిల్లుంది. నెలకి 80 వేలు చాలు అనుకుంటున్నా. అంటే ఏడాదికి 16 వేల డాలర్లు, మొత్తంలో రెండు శాతం చిల్లర. ఏటా నాలుగు శాతం తీసుకున్నా డబ్బు అయిపోదనే ఆ నాలుగు శాతం రూల్ ముప్పై ఏళ్ల రిటైర్మెంట్‌కి వేసిన అమెరికా లెక్క, నాకేమో నలభై ఏళ్లు కావాలి. అయినా రెండు శాతం కాబట్టి డబ్బు చాలదనే భయం లేదు. భయమంతా పన్నుది.

నా ఆలోచన ఇది. ఆర్‌ఆర్‌ఎస్‌పీ తీస్తే పాతిక శాతం పట్టుకుంటారట, అందుకని దాని జోలికి పోకుండా 71 దాకా వదిలేద్దాం. టీఎఫ్‌ఎస్‌ఏకి పన్నే లేదు కదా, దాన్ని కదపకుండా పెంచుకుందాం. ఇక్కడ ఒక ఆడిటర్‌ని అడిగితే "అక్కడ ట్యాక్స్ ఫ్రీ అంటే ఇక్కడా ఫ్రీనే సార్" అన్నాడు. ఎందుకో నమ్మబుద్ధి కాలేదు. ఏ ఖాతాలోంచి, ఎప్పుడు, ఎంత తీయాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి స్వామీ.

తిరుచానూరు_తిరిగొచ్చినోడు

స్వామీ, నా కథ చెప్తా, మీరైనా బాగుపడండి.

2021 డిసెంబర్‌లో వచ్చేశాను. 2022 మార్చిలో ఇంటి పైన మేడ వేద్దామని ఆర్‌ఆర్‌ఎస్‌పీలోంచి 60 వేల డాలర్లు ఒక్కసారే తీశా. నాన్ రెసిడెంట్‌ని కాబట్టి 25 శాతం, అంటే 15 వేలు పట్టుకుని 45 వేలు పంపించారు. ఫోన్ చేస్తే "అదే ఫైనల్ ట్యాక్స్, మీరు రిటర్న్ వేయక్కర్లేదు" అన్నారు. వేయక్కర్లేదన్నది నిజమే. కానీ వేస్తే లాభమని ఎవరూ చెప్పలేదు.

కెనడా పన్ను చట్టంలో సెక్షన్ 217 అని ఒకటుంది. మనం కోరుకుంటే ఆ ఏడాది ఆర్‌ఆర్‌ఎస్‌పీ, పెన్షన్ డబ్బులకి మామూలు రిటర్న్ వేసి, స్లాబు ప్రకారం పన్ను కట్టొచ్చు. ఎక్కువ పట్టుకున్నది వెనక్కిస్తారు. మరుసటి ఏడాది జూన్ 30 లోపల వేయాలి. నాకు ఇది తెలిసింది 2023 జూలైలో, గోవిందరాజస్వామి గుడి దగ్గర కనపడిన పాత కొలీగ్ నోటి వెంట. అప్పటికే గడువు దాటిపోయింది.

తర్వాత కూర్చుని లెక్కేశా. ప్రపంచంలో నాకు వేరే ఆదాయం పెద్దగా లేదు. ఏడాదికి 30 వేల చొప్పున రెండేళ్లు తీసి, 217 వేసుంటే రెండేళ్లకీ కలిపి 7 వేల దగ్గర పోయేది. నేను కట్టింది 15 వేలు. ఆ తేడాతో మేడకి టైల్స్ వచ్చేవి. ఇప్పటికీ సిమెంటు గచ్చే.

ఒక మాట. 217లో ఇక్కడి ఆదాయం కూడా లెక్కలోకి వస్తుంది. మొత్తం ఆదాయంలో 90 శాతం కెనడాదైతేనే వాళ్ల మినహాయింపులు పూర్తిగా ఇస్తారు. మీకు ఇక్కడ షాపు అద్దెలు గట్రా బాగా ఉంటే నా లెక్క మీకు పనికిరాదు.

పుత్తూరు_పిల్ల_స్కార్‌బరో

అన్నా, మీ పోస్టులో నాకు ముందు కనపడింది 2007 అక్టోబర్, 2027 ఫిబ్రవరి. వేళ్ల మీద లెక్కపెట్టండి. 19 ఏళ్ల నాలుగు నెలలు!

ఓఏఎస్ (కెనడా ప్రభుత్వం ఇచ్చే వృద్ధాప్య పెన్షన్) సంగతి మర్చిపోయారు. కెనడాలో ఉండి తీసుకోవాలంటే 18 ఏళ్లు నిండాక పదేళ్ల నివాసం చాలు. కానీ దేశం బయట కూర్చుని తీసుకోవాలంటే 20 ఏళ్లు ఉండాలి. మీరు ఎనిమిది నెలల ముందు బయల్దేరుతున్నారు. 40 ఏళ్లుంటే పూర్తి ఓఏఎస్, అది ఇప్పుడు నెలకి 700 పైనే. 20 ఏళ్లకి సగం, అంటే 350 పైన. 65 నుంచి ప్రాణం ఉన్నంతవరకూ వస్తుంది. మీ ఆవిడకీ ఇదే లెక్క.

సీపీపీకి (జీతంలోంచి కట్టినదానికి వచ్చే కెనడా పెన్షన్) ఈ గొడవ లేదు, ఎక్కడున్నా ఇస్తారు. కాకపోతే 60కే మొదలుపెడితే 65కి వచ్చేదాంట్లో 36 శాతం కోత. తొందరపడొద్దు.

ఇంకోటి అడుగుతా. కెనడాకి ముందు ఇండియాలో ఉద్యోగం చేశారా? పీఎఫ్ ఉండేదా? రెండు దేశాలకీ సోషల్ సెక్యూరిటీ ఒప్పందం ఉంది, 2015 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది. 20 ఏళ్లు నిండకపోతే ఇండియా సర్వీసు కాలాన్ని కలిపి అర్హత చూస్తారు. డబ్బు మాత్రం కెనడాలో ఉన్న ఏళ్లకే లెక్కకట్టి ఇస్తారు. ఆ పాత కాగితాలు ఉంటే వెతకండి.

చిత్తూరు_లెక్కలు

నేను చిత్తూరులో సీఏ ప్రాక్టీసు చేస్తాను. తిరిగొచ్చినవాళ్ల ఫైళ్లు చూస్తుంటాను కాబట్టి ఇండియా వైపు సంగతి చెప్తా.

"అక్కడ ఫ్రీ అంటే ఇక్కడా ఫ్రీ" అన్న మాట తప్పు. మీ ప్లాను సరిగ్గా తలకిందులుగా ఉంది సార్. మీరు భయపడుతున్న ఆర్‌ఆర్‌ఎస్‌పీకి ఇక్కడ రక్షణ ఉంది, నమ్ముకున్న టీఎఫ్‌ఎస్‌ఏకి లేదు.

ఆర్‌ఆర్‌ఎస్‌పీ లోపల ఏటా పెరిగే వడ్డీ, డివిడెండ్ మీద ఇక్కడ అప్పటికప్పుడు పన్ను కట్టకుండా, తీసినప్పుడే కట్టేలా 89ఏ అనే సెక్షన్ వచ్చింది. 2022లో మూడు దేశాలను నోటిఫై చేశారు: కెనడా, బ్రిటన్, అమెరికా. (2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టంలో సెక్షన్ నంబర్లు మారాయి, ఏర్పాటు మాత్రం కొనసాగుతోంది.) కానీ ఆ సెక్షన్ వర్తించాలంటే అది రిటైర్మెంట్ ఖాతా అయ్యుండాలి, తీసేటప్పుడు అక్కడ పన్ను పడేదై ఉండాలి. టీఎఫ్‌ఎస్‌ఏలోంచి తీస్తే అక్కడ పన్నే లేదు కదా. అందువల్ల అది ఇందులోకి రాదు. మీరు ఇక్కడ పూర్తి రెసిడెంట్ అయిన రోజు నుంచి దాని వడ్డీ, డివిడెండ్, అమ్మితే వచ్చే లాభం అన్నీ మామూలు విదేశీ ఆదాయమే. అక్కడ పన్ను కట్టలేదు కాబట్టి ఇక్కడ తగ్గించుకోవడానికి ఏమీ ఉండదు. పైగా నాన్ రెసిడెంట్‌గా ఉంటూ దాంట్లో కొత్తగా డబ్బు వేస్తే కెనడావాళ్లే నెలకి ఒక శాతం పన్ను వేస్తారు.

అయితే మీకు మధ్యలో కొంత వ్యవధి ఉంది. గత పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్ రెసిడెంట్ అయితే, తిరిగొచ్చాక ఆర్‌ఎన్‌ఓఆర్ (రెసిడెంటే గానీ ఇంకా పూర్తి రెసిడెంట్ కాని) హోదా వస్తుంది. ఆ కాలంలో విదేశీ ఆదాయానికి ఇక్కడ పన్ను లేదు. మామూలుగా రెండు పన్ను సంవత్సరాలు దొరుకుతుంది. గత ఏడేళ్లలో ఇండియాలో ఉన్నది 729 రోజులు మించకపోతే మూడోది కూడా దొరుకుతుంది గానీ, రెండేళ్లు తిరుపతిలోనే ఉంటే 730 రోజులు ఎలాగూ అవుతాయి. దాని మీద ఆశ పెట్టుకోకండి. ఆ రెండేళ్లలో టీఎఫ్‌ఎస్‌ఏలో ఉన్నవి అమ్మి, ఖాళీ చేసుకోండి. డబ్బు ముందు కెనడా బ్యాంకు ఖాతాలో పడాలి, అక్కడినుంచి ఇక్కడికి పంపుకోవాలి. ఆదాయం నేరుగా ఇక్కడి ఖాతాలో పడితే, ఇక్కడ అందుకున్న ఆదాయమని ఆర్‌ఎన్‌ఓఆర్‌కి కూడా పన్ను వేస్తారు. నా క్లయింటు ఒకాయన ఈ చిన్న విషయంలోనే దెబ్బతిన్నాడు.

ఏ నెలలో దిగుతారన్నది కూడా చూసుకోండి. ఏప్రిల్ మొదట్లో దిగితే ఆర్‌ఎన్‌ఓఆర్ మొదటి ఏడు పూర్తిగా దక్కుతుంది. సెప్టెంబర్‌లో దిగితే దాదాపు సగం ఏడు వృథా. పూర్తి రెసిడెంట్ అయ్యాక విదేశీ ఖాతాలన్నీ, ఆర్‌ఆర్‌ఎస్‌పీతో సహా, రిటర్న్‌లో షెడ్యూల్ ఎఫ్‌ఏలో (విదేశీ ఆస్తుల పట్టికలో) చూపించాలి. చూపించకపోతే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా. ఇందులో బేరాలుండవు.

తిరుచానూరు_తిరిగొచ్చినోడు

సీఏ గారు చెప్పిందాన్ని, పుత్తూరమ్మ చెప్పిందాన్ని కలిపితే మీకు దారి దొరికినట్టే. డిసెంబర్‌లో ఉద్యోగం మానేయండి, 2027 మొత్తం అక్కడే రెసిడెంట్‌గా ఉండండి. జీతం లేని ఏడాది అది. ఆర్‌ఆర్‌ఎస్‌పీ తీయడానికి అంతకన్నా మంచి ఏడాది మీ జీవితంలో రాదు. అంటారియోలో 50 వేలు తీస్తే, వేరే ఆదాయం లేకపోతే పన్ను 7 వేల చిల్లర, పదిహేను శాతం లోపే. బ్యాంకువాళ్లు 30 శాతం పట్టుకుంటారు, టెన్షన్ పడకండి, రిటర్న్ వేశాక సగం పైగా వెనక్కొస్తుంది. మీ ఆవిడ కూడా ఆమె దాంట్లోంచి విడిగా తీసుకోవచ్చు.

లైరా సంగతి ఎవరూ చెప్పలేదు. దాన్ని ఇప్పుడు కదపలేరు. నాన్ రెసిడెంట్‌గా రెండేళ్లు గడిచాక సీఆర్‌ఏ (కెనడా పన్నుల శాఖ) దగ్గర ఆ మేరకు కాగితం తెచ్చుకుంటే తాళం తీస్తారు. నాది అలాగే తీశా. అప్పుడు మాత్రం 217 మర్చిపోలేదు!

బైరాగిపట్టెడ_52

అందరికీ చాలా థ్యాంక్స్. రెండు రోజులు ఆవిడతో ఫోన్‌లో ఇదే చర్చ.

అద్దె లెక్క వేశాం. ఎనిమిది నెలలు ఎక్కువ ఉంటే నెలకి 2,400 చొప్పున 19 వేలు దాటుతుంది. ఇద్దరి ఓఏఎస్ కలిపి ఏడాదికి 8,400. అంటే రెండేళ్ల మూడు నెలల్లో అద్దె తిరిగొస్తుంది, అదీ నాకు 65, ఆమెకు 65 నిండినాక. వట్టి ఓఏఎస్ కోసమైతే ఉండేవాడిని కాదు. ఆర్‌ఆర్‌ఎస్‌పీ పన్నులో మిగిలేది చూశాక ఒప్పుకున్నా. ఎలాగూ మా కొడుకు చదువు అయ్యేదాకా ఆ అద్దె ఇల్లు కావాలి. కాబట్టి డిసెంబర్‌లో ఉద్యోగం మానేస్తా, 2028 ఏప్రిల్‌లో పూర్తిగా వస్తాం. మధ్యలో జనవరి నుంచి రెండు నెలలు అమ్మ దగ్గరుంటా. హెల్త్ కార్డు పోకుండా అంటారియోలో 153 రోజులు చూసుకోవాలి, అంతేగా. బాత్‌రూమ్ దారిలో స్టీలు రాడ్లు మాత్రం రేపే బిగిస్తున్నా. లీలామహల్ సర్కిల్ దగ్గర కొనుక్కొచ్చా.

సీఏ గారూ, ఈ సంక్రాంతికి వచ్చినప్పుడు చిత్తూరు వచ్చి ఫైలు మీ చేతిలో పెడతా. తప్పించుకోలేరు.

పుత్తూరు చెల్లెమ్మా, మీరు పీఎఫ్ అనగానే గుర్తొచ్చింది. 2001 నుంచి 2006 దాకా శ్రీపెరుంబుదూరు దగ్గర ఫ్యాక్టరీలో చేశా. అమ్మ ట్రంకు పెట్టె తీస్తే నాయన ధోవతుల కింద, నా పదో తరగతి మార్కుల జాబితాతో కలిపి మడతపెట్టి ఉంది పీఎఫ్ స్లిప్పు. అంచులు పురుగు కొట్టేసినా నంబరు కనపడుతోంది. "పోయిన పెరటాసి నెలలో ఇల్లు సర్దేటప్పుడే పాత పేపర్లోడికి వేద్దామనుకున్నాన్రా, దాంట్లో నీ పేరు కనపడి ఆగినా" అంది అమ్మ.

పుత్తూరు_పిల్ల_స్కార్‌బరో

అన్నా, ఆ స్లిప్పు మళ్లీ ట్రంకు పెట్టెలో పెట్టకండి. ముందు ఫోటో తీసి వదినకి పంపండి. 20 ఏళ్లు నిండినా దరఖాస్తులో ఇండియా సర్వీసు రాయాల్సొస్తే అదే ఆధారం. అమ్మకి నా నమస్కారం చెప్పండి.