లక్షన్నర పెట్టి 85 ఎఫ్/1.4 లెన్స్ కొనాలా, 1.8 చాలా?

పర్లాకిమిడి_స్టూడియో

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. చిన్న స్టూడియో, పాస్‌పోర్ట్ ఫొటోలతో రోజు గడుస్తుంది, పెళ్ళిళ్ళ సీజన్లో అటు పాతపట్నం, టెక్కలి, ఇటు కాశీనగర్, గుణుపురం దాకా తిరుగుతాను. కెమెరా సోనీ ఏ7 III, లెన్స్ టామ్రాన్ 28-75 ఎంఎం జూమ్ ఎఫ్/2.8 ఒక్కటే (ఎఫ్ అంకె ఎంత తగ్గితే లెన్స్ కన్ను అంత పెద్దది, వెలుగూ వెనక మసకా అంత ఎక్కువ). ఐదేళ్ళుగా దీంతోనే నెట్టుకొస్తున్నాను.

ఈ మధ్య పెళ్ళివాళ్ళు ఫోన్లో ఫొటోలు చూపించి, వెనకంతా కరిగిపోయినట్టు ఇలా రావాలి అని అడుగుతున్నారు. మొన్న ఒక పెళ్ళి బేరం దాని మీదే చేజారింది. విశాఖ వెళ్ళినప్పుడు షాపులో సోనీ 85 ఎంఎం ఎఫ్/1.4 జీమాస్టర్ లెన్స్ రెండో వెర్షన్ నా కెమెరాకి తగిలించి కౌంటర్ దగ్గర కుర్రాడిని తీశాను. కనురెప్ప వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు, వాడి వెనక అరలన్నీ మెత్తటి రంగులైపోయాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ధర లక్షన్నర దాటుతోంది. సగం చేతిలో ఉంది, మిగతాది వాయిదాల మీద తీసుకోవాలి. పాప కాలేజీ ఫీజు జూన్‌లో కట్టాలని మా ఆవిడ గుర్తు చేస్తోంది, ఆమె మాటా నిజమే. అదే కంపెనీ 85 ఎఫ్/1.8 అయితే ధర సగానికన్నా బాగా తక్కువ. కానీ కొంటే ఒక్కసారే మంచిది కొనాలి, మళ్ళీ మార్చుకునే స్తోమత నాకు లేదు. ఏం చేయమంటారు?

కొండదారి_రాయగడ

అన్నా, కొనేముందు ఒక పని చెయ్యండి. పోయిన సీజన్ ఫోల్డర్లు లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఆల్బమ్‌కి ఎక్కిన ఫొటోలు మాత్రం ఏ ఫోకల్ లెంగ్త్‌లో (లెన్స్ ఎంత దగ్గరికి లాగుతుందో చెప్పే ఎంఎం అంకె) తీశారో చూడండి. ఎక్కువ భాగం 65 నుంచి 75 మధ్య ఉంటే 85 మీ చేతికి ఇప్పటికే అలవాటు. 35 దగ్గరే ఉంటే మాత్రం ఎంత ఖరీదైన 85 అయినా బ్యాగులోంచి బయటికి రాదు.

తరవాత స్టూడియో గది టేపుతో కొలవండి. 85తో మనిషిని నిలువునా, పైనా కిందా కాస్త ఖాళీతో తీయాలంటే దాదాపు 15 అడుగులు వెనక్కి జరగాలి. మన ఊళ్ళ స్టూడియోల్లో అంత చోటు ఎక్కడిది? నడుము పైకి అయితే ఇబ్బంది లేదు.

ఇక 1.4 సంగతి. రెండు మీటర్ల దూరంలో 1.4 పెడితే స్పష్టంగా వచ్చే మందం నాలుగున్నర సెంటీమీటర్లు, అంటే మూడు వేళ్ళ వెడల్పు. నేను ఒక పెళ్ళికి 1.4 అద్దెకి తెచ్చాను. జీలకర్ర బెల్లం వేళ ఇద్దరూ తలలు దగ్గరకి వంచారు, నేను ఎఫ్/1.4లోనే వరసగా తీసుకుంటూ పోయాను. కెమెరా వెనక స్క్రీన్ మీద అద్భుతంగా కనిపించింది. ఇంటికొచ్చి కంప్యూటర్లో పెద్దది చేస్తే ఫోకస్ పెళ్ళికూతురి బాసికం ముత్యాల మీద ఉంది, కళ్ళు మెత్తబడిపోయాయి, పక్కనున్న పెళ్ళికొడుకు మొహం అసలే లేదు. ఆ ముహూర్తం మళ్ళీ తెచ్చివ్వలేం కదన్నా. ఆ పెళ్ళివాళ్ళు ఏమీ అనలేదు గానీ నాకు ఇప్పటికీ బాధే. ఇద్దరు కలిసున్న ఫొటోకి ఏ లెన్స్ అయినా కన్ను చిన్నది చేసి 2.8కో 4కో పెట్టక తప్పదు, అక్కడ మీ టామ్రాన్ కూడా చేసే పనే అది.

వెనక కరగడం అపర్చర్ (లెన్స్ కన్ను తెరుచుకునే సైజు) ఒక్కదాని వల్లే రాదు. జంటని డెకరేషన్‌కి ఆనించి నిలబెడితే 1.4 అయినా ఆ పూలు పూలలాగే కనిపిస్తాయి. పది అడుగులు ముందుకి తెచ్చి నిలబెట్టండి, 1.8లోనే వెనక సీరియల్ బల్బులు గుండ్రంగా విచ్చుకుంటాయి. నేను చివరికి 1.8 కొన్నాను, 371 గ్రాములే, రాత్రంతా పట్టుకున్నా మణికట్టు నొప్పి లేదు. మిగిలిన డబ్బుతో ఒక స్ట్రోబ్ (స్టూడియో ఫ్లాష్), దాని వెలుగు మెత్తబరిచే ఆక్టాబాక్స్ తీసుకున్నాను. నా ఫొటోలు మారింది ఆ లైట్‌తోనే.

బరంపురం_పోర్ట్రెయిట్

అన్నయ్యా, నేను 1.4 వాడతాను, అటువైపు మాట కూడా చెప్పాలి. నాది 2016లో వచ్చిన మొదటి వెర్షన్, 820 గ్రాములు, ఫోకస్ నిదానం. మీరు చూసింది 2024 వెర్షన్, 642 గ్రాములు, ఫోకస్ చాలా వేగం, ఆ తేడా నిజం.

1.8 కన్నా 1.4లోకి వచ్చే వెలుగు సుమారు 1.65 రెట్లు. ఐఎస్‌ఓ (వెలుగుకి కెమెరా సున్నితత్వం) 6400 కావాల్సిన చోట 4000తో అయిపోతుంది. తెల్లవారుజామున రెండింటి ముహూర్తానికి ఎర్ర షామియానా కింద ఫ్లాష్ పైకి కొడితే మొహాలన్నీ ఎర్రబారతాయి, అక్కడ ఆ కాస్త వెలుగే ఆదుకుంటుంది. ఫోకస్ మాత్రం నాకూ తిప్పలే, ఒడియా పెళ్ళిళ్ళలో సోల బెండుతో చేసిన ముకుటం అంచు కంటికి ముందుకి వచ్చి దాన్నే పట్టేస్తుంటుంది, అందుకే కంటి ఫోకస్ పెట్టుకుని కూడా ఐదారు ఫ్రేములు తీస్తాను.

కానీ నాకు ఈ లెన్స్ డబ్బు తిరిగి ఇచ్చింది గోపాలపూర్ బీచ్‌లో ప్రీవెడ్డింగ్‌లు. ఒక్కో జంటని విడివిడిగా, తీరిగ్గా తీసే పని అది. మీకు ఏడాదికి అలాంటివి ఎన్ని వస్తాయి? రెండో మూడో అయితే వాయిదాల మీద కొనకండి. మా ఆయన లెక్కలు చూస్తారు, మొదటి ఏడాది వాయిదా తారీఖు దగ్గరపడితే ఇద్దరికీ టెన్షన్, పని నచ్చకపోయినా ఒప్పుకోవాల్సొచ్చేది.

కోరాపుట్_వాన

సెకండ్ హ్యాండ్ చూసేవాళ్ళు మొబైల్ టార్చ్ వెనక నుంచి వేసి గాజు లోపల చూడండి. సాలెగూడులా సన్నటి దారాలు కనిపిస్తే ఫంగస్. మా వైపు వానాకాలం లెన్స్‌ని తోలు సంచిలో ఉంచితే పట్టేస్తుంది. గాలి చొరని డబ్బా, సిలికా జెల్, అది రంగు మారగానే వేడి చేసి మళ్ళీ వాడుకోవడం.

పర్లాకిమిడి_స్టూడియో

రాయగడ తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే రాత్రి కూర్చుని చూశాను. నాలుగు పెళ్ళిళ్ళ ఆల్బమ్‌లలో సగం పైన 70, 75 దగ్గరే ఉన్నాయి. అంటే 85 నాకు పనికొచ్చేదే. గది కొలిస్తే పదకొండున్నర అడుగులు. ప్రీవెడ్డింగ్‌లు పోయిన ఏడాది రెండే చేశాను చెల్లెమ్మా. 1.4 మీద మనసు పూర్తిగా పోలేదు, అబద్ధం ఎందుకు, కానీ వాయిదాలు కట్టి మాత్రం కొనను. ఈ నెల పాతపట్నంలో ఒక పెళ్ళి ఒప్పుకున్నాను. అద్దెకి 1.8 దొరికితే ఆ రాత్రి వాడి చూసి నిర్ణయించుకుంటాను. ఇక్కడ దగ్గర్లో ఎవరి దగ్గరైనా ఉందా?

కొండదారి_రాయగడ

అద్దె ఎందుకన్నా, నాది తీసుకోండి. మా బావమరిది గుణుపురంలో ఉంటాడు, రైల్లో పర్లాకిమిడి దిగి చేతికిస్తాడు. తారీఖు చెప్పండి, ఆ రోజు నాకు పెళ్ళి లేకపోతే చాలు. 67 ఎంఎం ఫిల్టర్ దానికే ఉంటుంది, తీయకండి.