మోడల్ రైలు బొగ్గు వ్యాగన్‌కి వెదరింగ్ (వాడి పాతబడ్డట్టు మురికి, తుప్పు చూపించడం): వాష్ తెల్లబడింది, పౌడర్ మాయమైంది. ఎక్కడ తప్పు?

గూడ్స్‌పెట్టె:
బండి హెచ్‌ఓ స్కేలు, అంటే అసలు బండిలో 87వ వంతు (1:87). పైకప్పు లేని బొగ్గు వ్యాగన్, ప్లాస్టిక్ బాడీ, రంగు ఫ్యాక్టరీదే. చేసిన వరస ఇదీ: సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాను. టెస్టర్స్ డల్‌కోట్ (మెరుపు తీసేసే వార్నిష్) ఒక కోటు కొట్టాను. ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇండియా ఇంకు చుక్కలు కలిపి వాష్ (సందుల్లోకి దిగే పలచటి రంగు). దాని మీద తుప్పు రంగు పౌడర్, మెత్తటి బ్రష్‌తో. చివర మళ్లీ డల్‌కోట్.

వాష్ ఆరుతుండగానే పక్కలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. ఆఖరి కోటుతో ఆ తెలుపు పోయింది గానీ, దాంతోపాటే పౌడర్ ముప్పాతిక వంతు మాయమైంది. మిగిలిన రంగు చూస్తే బండిని గోధుమ రంగు డబ్బాలో ముంచి తీసినట్టుంది, అంతటా ఒకటే. దీన్ని బాగుచేయొచ్చా, మొత్తం గీకి మొదలెట్టాలా? తర్వాతి పని ఒక చిన్న ట్యాంక్ ఇంజన్ (నీళ్ల ట్యాంకు తన మీదే ఉండే ఆవిరి ఇంజన్), అందులో డ్రైవరు, ఫైర్‌మన్ బొమ్మలు. అక్కడ ఇదే తప్పు జరగకూడదు.

కుంచెచాటు:
గీకాల్సిన పనిలేదండీ. రెండు సమస్యలకీ కారణాలు వేరు.

తెల్లబడింది ఆల్కహాల్ వల్ల. డల్‌కోట్ లాకర్ జాతి వార్నిష్, ఆరిపోయాక కూడా ఆల్కహాల్ తగిలితే పైపొర చెదిరి పాలలా అయిపోతుంది. మళ్లీ డల్‌కోట్ పడగానే అందులోని ద్రావకం ఆ పొరను కరిగించి సర్దేస్తుంది, అందుకే తెలుపు పోయింది. దీనికి మందు ఒక్కటే: పక్కపక్కనే ఉండే రెండు పొరలకు ఒకే ద్రావకం పడకూడదు. కింద యాక్రిలిక్ వార్నిష్, దానిమీద వైట్ స్పిరిట్‌తో (పెట్రోలియం థిన్నర్) పలచన చేసిన ఎనామెల్ లేదా ఆయిల్ కలర్ వాష్. వాష్ నచ్చకపోతే వైట్ స్పిరిట్ అద్దిన బ్రష్‌తో తుడిచేయొచ్చు, కింది పొరకు ఏమీ కాదు. అయితే వార్నిష్ లేని చోట వైట్ స్పిరిట్ ధారాళంగా పోయకండి. బిగించి పెట్టిన సన్నటి ప్లాస్టిక్ ముక్కలు, అంటే బ్రేక్ లివర్లు, మెట్లు లాంటివి, అది పీల్చుకుని పుటుక్కున విరుగుతాయి.

ఇక పౌడర్. దుమ్ముకి ఆ రంగు కనిపించేది రేణువుల మధ్య గాలి ఉండి వెలుగు చెదురుతుంది కాబట్టి. వార్నిష్ ఆ సందుల్ని నింపేస్తే, నీళ్లు చల్లిన మట్టిలాగే రంగు ముదురుతుంది, లేతవి దాదాపు కనిపించవు. స్ప్రే గాలికి కొంత ఎగిరి కూడా పోతుంది. కాబట్టి పౌడర్ ఎప్పుడూ ఆఖరి పనే. చెయ్యి పడని చోట (అండర్‌ఫ్రేమ్ అంటే బండి కింది చట్రం, లోపలి మూలలు, చివరి గోడలు) వార్నిష్ లేకుండా వదిలేయండి. చెయ్యి పడే చోటైతే పౌడర్ వేసి, 30 సెంటీమీటర్ల దూరం నుంచి పొగమంచులా ఒక తేలికపాటి పూత, ఆరాక మళ్లీ పౌడర్. ఇంకో దారి: పౌడర్ పక్కనే వైట్ స్పిరిట్ నిండిన సన్న బ్రష్ కొనను ఆనించండి, తడి దానంతటదే పాకుతుంది. బ్రష్‌తో పౌడర్ మీద రాశారో, చారలు పడతాయి.

పట్టాలపక్క:
పైన చెప్పింది రసాయనం. "ముంచి తీసినట్టుంది" అన్నదానికి జవాబు వేరే ఉంది: మురికి ఎక్కడ పుట్టింది, ఎటు వెళ్లింది అని అడగకుండా బండంతా పూస్తే ఎంత మంచి రంగైనా అలాగే ఉంటుంది.

బొగ్గు వ్యాగన్‌నే తీసుకోండి. పోత ఇనుము బ్రేక్ బ్లాకులు చక్రాల మీద అరిగి రాలే పొడి తుప్పుపట్టి అండర్‌ఫ్రేమ్ మొత్తానికి గోధుమ రంగు ఇస్తుంది. అందుకే కింది భాగం పక్కగోడల కంటే ఎప్పుడూ ఎరుపు గోధుమగా, దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. బండి చివరి గోడల మీద మాత్రం పట్టాలకు సరిగ్గా ఎదురుగా రెండు నిలువు పట్టీల్లా మురికి పడుతుంది, చక్రాలు చిమ్మిన తడి బురద అది. హెచ్‌ఓలో పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు కాబట్టి ఆ రెండు పట్టీలూ అంతే ఎడంలో రావాలి. చాలామంది ఈ గోడల్ని పట్టించుకోరు, కానీ కపులింగ్ వైపు నుంచి చూస్తే ముందు కంట పడేది అదే.

యాక్సిల్ బాక్సుల (ఇరుసు కొనలు తిరిగే పెట్టెలు) దగ్గర ఆగి చూడండి. పాతకాలపు ప్లెయిన్ బేరింగ్ అయితే నూనె కారి చక్రం ముఖం నల్లగా, కాస్త మెరుపుతో ఉంటుంది, దానిమీద దుమ్ము అంటుకుని దళసరి అవుతుంది. రోలర్ బేరింగ్ అయితే నూనె బయటికి రాదు, చక్రం పొడిగా తుప్పు రంగులో ఉంటుంది. ఒకే రైలులో రెండు రకాల వ్యాగన్లు ఉంటే ఈ తేడా చూపించండి. బఫర్ తల మధ్యలో గ్రీజు మరక, కొక్కెం లోపలి అంచులో ఒరిపిడి మెరుపు. మెరుపుకి 4బీ పెన్సిల్ చాలు.

అండర్‌ఫ్రేమ్ రంగుకు హంబ్రోల్ ఎనామెల్ రంగులు 62 (తోలు రంగు), 33 (మ్యాట్ నలుపు), కొద్దిగా మెటల్‌కోట్ 27004 (గన్‌మెటల్). మూడింటినీ ముందే కలిపి ఒక డబ్బా చేసి పెట్టుకోవద్దు. పలకమీద విడివిడిగా పెట్టుకుని, బ్రష్‌లోకి ఒకసారి ఇది ఎక్కువ, ఒకసారి అది ఎక్కువ తీసుకోండి. చోటు చోటుకీ రంగు కొంచెం మారడంలోనే అసలు రహస్యం ఉంది. పక్కగోడలకు పూశాక పదీ ఇరవై నిమిషాల్లో చదును బ్రష్‌ని వైట్ స్పిరిట్‌లో ముంచి, బట్టకు తుడిచి, దాదాపు పొడిగా ఉండగా పైనుంచి కిందికి మాత్రమే లాగండి. వాన కిందికే కారుతుంది. అడ్డంగా ఒక్క గీత పడినా కన్ను పట్టేస్తుంది. రివెట్ల చుట్టూ, పలకల సందుల్లో మిగిలినంత మిగలనివ్వండి.

లోపలి గోడలకు హెయిర్‌స్ప్రే పద్ధతి. ముందు తుప్పు రంగులు రెండు మూడు, మచ్చలు మచ్చలుగా వేసి, బాగా ఆరాక వార్నిష్. దానిమీద హెయిర్‌స్ప్రే రెండు పలచటి కోట్లు, పావుగంట ఆరనివ్వండి. తర్వాత వ్యాగన్ రంగు, నీటి యాక్రిలిక్ మాత్రమే, నీళ్లతోనే పలచన చేయాలి. ఆల్కహాల్ ఉన్న థిన్నర్ వాడితే హెయిర్‌స్ప్రే కరిగి రంగు బీటలు వారుతుంది. తాకితే అంటనంత ఆరగానే గోరువెచ్చని నీళ్లు అద్ది, ఒక నిమిషం ఆగి, కురచ కుచ్చు బ్రష్‌తోనో టూత్‌పిక్‌తోనో రుద్దండి. బొగ్గు రాసుకునే అడుగు భాగంలో ఎక్కువ, పై అంచు దగ్గర తక్కువ. మర్నాటికి వాయిదా వేస్తే రంగు గట్టిపడి అసలు లేవదు, లేదా పెచ్చులుగా ఊడుతుంది. ఒకటి గుర్తుపెట్టుకోండి: ఇక్కడ 1 మిల్లీమీటరు పెచ్చు అంటే అసలు బండి మీద 87 మిల్లీమీటర్లు, అరచేయంత.

లోడుకు నలగ్గొట్టిన నిజం బొగ్గే వాడండి, నల్లరంగు వేసిన ఇసుకకు ఆ మెరుపు రాదు. ఫోమ్ ముక్క మీద పరిచి, సగం నీళ్లు సగం పీవీఏ జిగురు, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి డ్రాపర్‌తో వదలండి. సబ్బు లేకపోతే జిగురు పూసల్లా నిలబడి బొగ్గును తేల్చేస్తుంది. బరువు కూడా తూచండి: ఎన్ఎంఆర్ఏ (అమెరికాలోని మోడల్ రైలు సంఘం) సిఫార్సు ప్రకారం హెచ్‌ఓ వ్యాగన్‌కి 1 ఔన్సు, దానిపైన పొడవులో ప్రతి అంగుళానికీ అర ఔన్సు. 5 అంగుళాల బండికి 3.5 ఔన్సులు, సుమారు 99 గ్రాములు.

బాయిలర్‌మసి:
ట్యాంక్ ఇంజన్ గురించి. ముందు డీటెయిలింగ్, తర్వాతే మురికి. బాడీతో కలిపి పోత పోసిన కైపిడులు (చేత్తో పట్టుకునే కమ్మీలు) ఉంటే చెక్కేసి 0.3 మిల్లీమీటర్ల ఇత్తడి తీగ పెట్టండి. స్కేలులో అది 26 మిల్లీమీటర్లు, అసలు కైపిడి మందానికి దగ్గర. 0.35 బిట్‌తో చేతి డ్రిల్ మీదే రంధ్రం వేయండి, మోటారు డ్రిల్ ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. క్యాబ్ అద్దాలు మాత్రం ఆఖర్న. సూపర్‌గ్లూ ఆవిరి తగిలితే అద్దం తెల్లగా మసకబారుతుంది.

కింది భాగానికి రంగు కొట్టేటప్పుడు బాడీ తీసేసి, ఇంజన్‌ని తలకిందులుగా ఊయలలాంటి స్టాండులో పెట్టి, కరెంటు తీగలు తగిలించి చక్రాలు నెమ్మదిగా తిరుగుతుండగానే ఎయిర్‌బ్రష్ నడపండి. ఆపి కొడితే కనెక్టింగ్ రాడ్ల నీడ చక్రాల మీద శుభ్రమైన గీతలా ఉండిపోతుంది, రాడ్డు కదలగానే బయటపడుతుంది. గాలి ఒత్తిడి 15 పీఎస్ఐ, పలచటి రంగు. పికప్‌ల (చక్రాల నుంచి కరెంటు అందుకునే రేకులు) మీద రంగు పడకుండా టేప్ వేయండి, పని అయ్యాక చక్రాల అంచుల్ని ఐసోప్రొపైల్‌తో తుడవండి. రబ్బరు టైర్లు ఉంటే ముందే తీసేయాలి. గేర్ల దగ్గరకు పౌడర్ అస్సలు వద్దు, నూనెతో కలిసి ఆకురాయి ముద్దలా పనిచేసి బేరింగుల్ని తినేస్తుంది.

మురికి దారులు: మసి పైనుంచి పడుతుంది కాబట్టి బాయిలర్ వీపు, క్యాబ్ కప్పు మొద్దు నలుపు. సేఫ్టీ వాల్వ్, విజిల్, వాష్అవుట్ ప్లగ్గుల కింద నీళ్లు ఆరిపోయి మిగిలిన సున్నపు చారలు, పైన సన్నగా మొదలై కిందికి పలచబడాలి. స్మోక్‌బాక్స్ (బాయిలర్ ముందు కొసన ఉండే పొగ పెట్టె) తలుపు కింద బూడిద. ట్యాంకు మూత చుట్టూ నీళ్లు పొంగి పక్కకు కారిన జాడ. రాడ్లకు తుప్పు వేయకండి, పనిచేసే ఇంజన్ రాడ్లు నూనెతో ముదురుగా మెరుస్తాయి. చెయ్యి పట్టే కైపిడి, కాలు పెట్టే మెట్టు అంచు మాత్రం రుద్దుడుకి శుభ్రంగా ఉండాలి.

కుంచెచాటు:
ఒక్క చేర్పు: నల్ల ఇంజన్‌కి అచ్చమైన నలుపు వద్దు, ఈ సైజులో వివరాలన్నీ మింగేస్తుంది. బాయిలర్‌కి కాస్త గోధుమ కలిసిన ముదురు బూడిద రంగు, స్మోక్‌బాక్స్‌కి అంతకంటే చల్లటి బూడిద రంగు. ఆ తేడా తెలిసీ తెలియనట్టుంటే చాలు.

గూడ్స్‌పెట్టె:
చాలా స్పష్టంగా ఉంది, అందరికీ ధన్యవాదాలు. వ్యాగన్ లోపలి గోడలతో మొదలుపెడతాను. బొమ్మల సంగతి: క్యాబ్‌లో మోటారు వెనక భాగం అడ్డొస్తోంది, నిలబెట్టిన ఫైర్‌మన్ తల కప్పుకి తగులుతోంది. పైగా ముఖాలు బొమ్మల్లానే కనిపిస్తున్నాయి.

ఇరవైమిల్లీ:
1.75 మీటర్ల మనిషి 1:87లో 20 మిల్లీమీటర్లు. అంతకంటే ఎత్తుంటే మొదట పాదాల కింద పీఠం ఉందేమో చూసి కోసేయండి. అప్పటికీ పట్టకపోతే మోకాలి దగ్గరో నడుము దగ్గరో కోయండి. క్యాబ్ పక్క రేకు వెనక ఏముందో బయటికి కనిపించదు. ఎత్తుకంటే చెయ్యి ముఖ్యం: డ్రైవరు చెయ్యి రెగ్యులేటర్‌కో (ఆవిరిని వదిలే పిడి) కిటికీ అంచుకో ఆనాలి. భుజం దగ్గర కోసి, తిప్పి, సూపర్‌గ్లూతో అతికించి, సందుని పుట్టీతో నింపండి.

అచ్చు అతుకు గీతను బ్లేడు వెన్నుతో గీకి, బూడిద రంగు ప్రైమర్ వేయండి. ముందు చర్మం, తర్వాత బట్టలు, లోపలి బట్ట నుంచి బయటి బట్టకు. ఆపైన పలచటి ముదురు గోధుమ వాష్, ఆరాక టోపీ పైభాగం, భుజాలు, ముక్కు, చెంపల మీద కొంచెం లేత రంగు. కళ్లు గీయకండి. కంటి నల్లగుడ్డు సుమారు 12 మిల్లీమీటర్లుంటుంది, ఇక్కడ అది 0.14. తెలుపు చుక్క పెట్టగానే గుడ్లురిమినట్టు అవుతుంది. టోపీ కింద వాష్ నీడే చూపులా కనిపిస్తుంది. చివర మ్యాట్ వార్నిష్, ప్లాస్టిక్ మెరుపు పోతే సగం పని అయినట్టే.

ఫైర్‌మన్‌కి చేతులు, మోకాళ్లు, నుదురు మీద బొగ్గు మసి ఎక్కువ, డ్రైవరుకి తక్కువ. కాలిలో 0.3 తీగ గుచ్చి నేలలో రంధ్రం చేసి దింపండి, ఒట్టి జిగురు చుక్క మీద నిలబెడితే బండి కుదుపుకి ఊడుతుంది. నిలబెట్టాక, క్యాబ్ నేలకి వాడిన అదే బొగ్గు పౌడర్‌ని బూట్ల చుట్టూ కొద్దిగా అద్దండి. లేకపోతే పాదం కింద సన్నటి వెలుగు గీత కనబడి, మనిషి గాలిలో తేలుతున్నట్టుంటాడు.