ఒక్కో రిఫరెన్సును పేపర్లో ఎన్నిసార్లు వాడారో లెక్కించేదెలా?

ప్రశ్న (బరంపురం): గంజాం, రాయగడ జిల్లాల నేలలపై వచ్చిన పరిశోధన పేపర్లు పోల్చాలండి, ఒక్కో రిఫరెన్సును సగటున ఎన్నిసార్లు వాడారో. రిఫరెన్సుల జాబితా పొడవు చూస్తే సరిపోతుందా?

జవాబు (రాయగడ): చాలదండీ. పాఠంలోని ప్రస్తావనలన్నీ (రిఫరెన్సును పేర్కొన్న ప్రతిసారీ ఒకటి) కూడి, రిఫరెన్సుల సంఖ్యతో భాగించండి. 62 ప్రస్తావనలు, 40 రిఫరెన్సులైతే సగటు 1.55. ఒక్కసారే కనిపించేవి ఎన్నో విడిగా రాసుకోండి. నా దృష్టిలో సగటు కన్నా అదే ముఖ్యం.

జవాబు (పర్లాకిమిడి): పాఠంలో [4–9] అని ఉంటే 4 నుంచి 9వ రిఫరెన్సు దాకా అని, అంటే ఆరు ప్రస్తావనలు, రెండు కాదు! ఆ గీత చాలాసార్లు మామూలు హైఫన్ కాదు, కాస్త పొడుగు డాష్. హైఫన్ కోసమే వెతికే స్క్రిప్టు 5 నుంచి 8 దాకా నాలుగింటినీ వదిలేస్తుంది. గ్రోబిడ్ అనే సాఫ్ట్‌వేర్‌తో పీడీఎఫ్‌ను ఎక్స్‌ఎంఎల్ (స్క్రిప్టు తేలిగ్గా చదవగల ఫైలు) చేసినా, రెండు మూడు పేపర్లు చేత్తో లెక్కించి సరిచూడండి.

ప్రశ్న అడిగినవారు: పాత పరిశోధనలను కూర్చి చెప్పే సమీక్షా వ్యాసాలో?

జవాబు (రాయగడ): వాటిని వేరే గుంపులో పెట్టండి. జాబితా పెద్దది, చాలావాటికి ఒక్క ప్రస్తావనే. కలిపితే సగటు పడిపోతుంది.