ఏడో జనరేషన్ సిస్టమ్‌లో విండోస్ 11 ఎక్కించినవాళ్లు ఉన్నారా?

గాజువాకలో మాది చిన్న హార్డ్‌వేర్ షాపు. సిస్టమ్‌లో ఉన్నది ఇంటెల్ ఏడో జనరేషన్ ఐ5 ప్రాసెసర్. ఎస్ఎస్‌డీ వేయించాక ఇప్పటికీ బాగానే పరుగెడుతోంది. కానీ విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. గడువు దాటాక కూడా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే మైక్రోసాఫ్ట్ ఈఎస్‌యూ స్కీమ్‌లో చేరినా, మామూలు వాడకందార్లకు 2026 అక్టోబర్ 13 వరకే. విండోస్ 11కి ఇంటెల్‌లో అయితే దాదాపుగా ఎనిమిదో జనరేషన్ ప్రాసెసర్ నుంచి ఉండాలట. 11 అడిగే ఇంకో సెక్యూరిటీ ఫీచర్ టీపీఎం 2.0 మాత్రం బయోస్‌లో ఆన్ చేస్తే కనిపించింది, ఏం లాభం!

డాబాగార్డెన్స్‌లో రిపేర్లు చేసే కుర్రాడు ఆ చెకింగ్ దాటించి 11 ఎక్కించేస్తానంటున్నాడు. అలా వాడుతున్నవాళ్లు చెప్పండి, నెలనెలా ప్యాచ్‌లు వస్తున్నాయా? ఏటా వచ్చే పెద్ద అప్‌డేట్ దగ్గర ఆగిపోతోందా? బ్యాంకు పనులు కూడా ఇందులోనే, అదే టెన్షన్.

లినక్స్ మాత్రం అనకండి బాబూ, నాకు ట్యాలీ కావాలి. పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కూడా నడవాలి.